కొత్త హార్డ్‌టెయిల్: 46 వేలది కొని మార్చుకుంటూ పోవాలా, ఇంకో 20 కలిపి పైదే తీసుకోవాలా?

కోకాపేట కొత్తోడు

అందరికీ నమస్తే. కాలేజీ అయ్యాక సైకిల్ ముట్టుకోలేదు, ఇప్పుడు మళ్ళీ మొదలుపెడదామని. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 84 కిలోలు. వారం మధ్యలో ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్, ఆదివారాలు గండిపేట చుట్టుపక్కల మట్టి దార్లు, వీలు చిక్కితే వికారాబాద్ అనంతగిరి. గాల్లోకి ఎగరడాలు, రాళ్ళ మీంచి దూకడాలు నా వల్ల కాదు, ఆ ఉద్దేశం కూడా లేదు.

రెండు సైకిళ్ళ దగ్గర ఆగాను. బ్రాండ్ల పేర్లు రాస్తే అసలు విషయం పక్కకి పోయి వాటి మీద గొడవ మొదలవుతుంది కాబట్టి ఒకటోది, రెండోది అనే అంటాను. రెండూ హార్డ్‌టెయిళ్ళే, అంటే సస్పెన్షన్ ముందు మాత్రమే, వెనక ఉండదు. రెండూ అల్యూమినియం ఫ్రేమ్, 29 అంగుళాల చక్రాలు, ముందు 100 మి.మీ. సస్పెన్షన్.

ఒకటోది 46,500. సన్‌టూర్ ఎక్స్‌సీటీ స్ప్రింగ్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాళ్ళు), కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, ముందు రెండు గేర్లు (36, 22 పళ్ళు), వెనక ఎనిమిది (13 నుంచి 34 పళ్ళు).

రెండోది బేరమాడితే 67,900. ఎయిర్ ఫోర్క్ (స్ప్రింగ్ బదులు గాలి), హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసే) బ్రేకులు, ముందు ఒక్కటే 32, వెనక పది (11 నుంచి 46).

షాపతను ఒకటోదే తీసుకోమంటున్నాడు. "తర్వాత ఫోర్క్ మార్చుకోవచ్చు సార్, గేర్లు మార్చుకోవచ్చు, అన్నీ అప్‌గ్రేడ్ అయిపోతాయి, ఒకేసారి అంత పెట్టడం ఎందుకు" అని. వినడానికి బాగానే ఉంది. కాకపోతే దాంట్లో M సైజు స్టాక్ లేదట, L తీసుకుంటే హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ చిన్నది వేసి సరిచేస్తాడట. హెల్మెట్, లాక్, లైట్లు అన్నీ కలిపి 70-75 దాటితే ఇబ్బంది. ఏం చేయమంటారు?

మొరం రోడ్డు

అన్నా, ముందు ఒక చిన్న లెక్క. ఒకటోదానికి మట్టి దార్లలో పనికొచ్చే ఎయిర్ ఫోర్క్ వేయాలంటే ఇవాళ్టి రేట్లలో 20 వేల పైమాటే, 22 అనుకుందాం. 46,500కి 22 కలిపితే 68,500. ఒక్క ఫోర్క్ మార్చేసరికే రెండో సైకిల్ ధర దాటిపోయావు, ఇంకా బ్రేకులు, గేర్లు అలాగే ఉన్నాయి. విప్పేసిన పాత ఫోర్క్ ఎవడూ కొనడు, అటక మీద పడుంటుంది. బ్రేకులు హైడ్రాలిక్‌కి మారిస్తే ఇంకో ఐదారు వేలు, గేర్ల సెట్టు పది స్పీడ్‌కి తెస్తే చక్రంతో కలిపి 15 వేల దగ్గర. తడిసి మోపెడవడం అంటే ఇదే.

గేర్లకి చక్రం ఎందుకు అంటావా? నువ్వు వెనక చిన్న పళ్ళచక్రం 13 అని రాశావు చూడు, అక్కడే నాకు అనుమానం. క్యాసెట్ (హబ్, అంటే చక్రం మధ్య భాగం, మీదికి జారించి బిగించే పళ్ళచక్రాల కట్ట) అయితే మౌంటెన్ సైకిళ్ళలో మామూలుగా 11తో మొదలవుతుంది. 13 అంటే అది మర తిప్పి హబ్ మీద బిగించే ఫ్రీవీల్ అయ్యుండే అవకాశం ఎక్కువ. ఫ్రీవీల్ ఉన్న హబ్ మీద 10 స్పీడ్, 11 స్పీడ్ క్యాసెట్ ఎక్కదు, హబ్ మార్చాలి, అంటే వెనక చక్రం మొత్తం మార్చినట్టే లెక్క. పైగా ఈ రకం హబ్బులో గేర్ల వైపు బేరింగ్ బాగా లోపలికి ఉండిపోతుంది, ఇరుసు చివర భాగానికి ఆనుడు ఉండదు, 84 కిలోల మనిషి గుంతల్లో నడిపితే వంగే అవకాశం ఉంటుంది.

ఫోర్క్ దగ్గరా ఇదే కథ. షాపుకెళ్ళినప్పుడు ఫ్రేమ్ ముందు గొట్టం, అదే హెడ్‌ట్యూబ్, పై నుంచి కింది దాకా చెయ్యి పెట్టి చూడు. కింద లావుగా, పైన సన్నగా ఉంటే టేపర్డ్. ఇప్పుడు వచ్చే మంచి ఫోర్కులు దాదాపు అన్నీ దానికే. పైనా కిందా ఒకే సన్నటి గొట్టమైతే పాత పద్ధతి 28.6 మి.మీ. స్టీరర్ (ఫోర్క్‌కి పైన ఉండే గొట్టం) మాత్రమే పడుతుంది. వాటికి ఎయిర్ ఫోర్కులు దొరకవని కాదు, కానీ నాలుగైదు మోడళ్ళలోనే వెతుక్కోవాలి. (హెడ్‌ట్యూబ్ మొత్తం లావుగా 44 మి.మీ. ఉన్నవి కూడా ఉంటాయి, వాటికి కింద బయటి బేరింగ్ కప్పు వేసి టేపర్డ్ పెట్టుకోవచ్చు.) ఆ తర్వాత ఇరుసు. ఒకటోదానికి ముందు చక్రం లివర్ తిప్పి తీసే క్విక్ రిలీజ్ అయ్యుంటుంది. కొత్త ఫోర్కులు 15 మి.మీ. త్రూ యాక్సిల్‌తో (హబ్ గుండా దూర్చి బిగించే లావు ఇరుసు) వస్తున్నాయి, హబ్ వెడల్పు 110 మి.మీ. ఆ ఫోర్క్ కొంటే నీ ముందు చక్రం అందులో పట్టదు.

కాబట్టి షాపతను "అన్నీ అప్‌గ్రేడ్ అవుతాయి" అన్నది అబద్ధం కాదు, మొత్తం ఎంతవుతుందో చెప్పలేదంతే. ఫ్రేమ్ మంచిదై, హెడ్‌ట్యూబ్, ఇరుసులు, హబ్ ఇప్పటి కొలతల్లో ఉంటే మిగతావి అరిగినప్పుడల్లా ఒక్కొక్కటి మార్చుకుంటూ పోవచ్చు. ఆ మూడూ పాతవైతే ఎంత పోసినా బూడిదలో పన్నీరే.

నెమ్మదిగా తొక్కుతా

నేను ఒప్పుకోను. ఆయన తొక్కేది ఎక్కువగా ఎక్కడో చదివారా? 2023లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్, నున్నటి దారి. ఆదివారం గండిపేట మట్టి దారి, అదీ ట్రాక్టర్లు పోయే దారి. దీనికి ఎయిర్ ఫోర్క్ ఎందుకండీ? ఎనిమిది స్పీడ్ గేర్లు మన ఊళ్ళో ఏ సైకిల్ షాపులోనైనా బాగుచేస్తారు, చైన్ చవక, కేబుల్ బ్రేక్ తెగితే రోడ్డు పక్కన కూడా వేయించుకోవచ్చు. హైడ్రాలిక్ బ్రేకులో ఆయిల్ కారితే ఏ పల్లెటూళ్ళో బాగుచేస్తారు?

ఇరవై వేలు మిగులుతాయి. మంచి హెల్మెట్, మంచి టైర్లు, చక్రం తిన్నగా చేయించుకోవడం, వీటికి పెట్టుకోండి. అప్‌గ్రేడ్ అనే మాటే మర్చిపోండి. ఏడాది తొక్కాక కూడా సరదా తగ్గకపోతే అప్పుడు దాన్ని ఏ తమ్ముడికో ఇచ్చేసి లక్ష రూపాయలది కొనుక్కోవచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టి గాలి దిగిపోయిన సైకిళ్ళు ఎన్ని లేవు, అందులో సగం ఎయిర్ ఫోర్క్ ఉన్నవే.

అయితే L సైజు మాత్రం వద్దు. అది ఒకటోదైనా, రెండోదైనా, ఊరికే ఇచ్చినా.

వైజాగ్ ఘాట్

పై ఇద్దరూ చెప్పినవాటిలో నిజం ఉంది గానీ బ్రేకుల సంగతి ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. అనంతగిరి అన్నారు కదా కొత్తోడు గారు (వికారాబాద్‌దే, మా అరకు దారిలోది కాదు లెండి). 84 కిలోల మనిషి, 14-15 కిలోల సైకిల్, వీపున నీళ్ళ సంచి, వంద కిలోలు దిగుతున్నట్టు. ఎర్రమట్టి మీద సన్న కంకర పరుచుకుని ఉంటుంది, అక్కడ బ్రేక్ గట్టిగా పట్టడం ముఖ్యం కాదు, ఎంత కావాలో అంతే పట్టడం ముఖ్యం. కేబుల్ డిస్క్‌లో చాలావాటికి ఒక ప్యాడ్ మాత్రమే కదులుతుంది, రోటర్‌ని (చక్రంతో తిరిగే బ్రేక్ డిస్క్) అవతలి ప్యాడ్ మీదికి నొక్కుతుంది. ప్యాడ్ అరిగినకొద్దీ మీరే స్క్రూ తిప్పి దగ్గరికి తెచ్చుకోవాలి. హైడ్రాలిక్‌లో రెండు వైపులా కదులుతుంది, అరుగుదల అదే సర్దుకుంటుంది, ఒక్క వేలితో పట్టుకోవచ్చు. మేం సింహాచలం కొండ దిగేటప్పుడు కేబుల్ బ్రేకులతో వచ్చినవాళ్ళు సగం దారిలో ఆగి నొప్పి పుట్టిన చేతులు విదిలించుకుంటుంటారు.

ఆయిల్ కారుతుందన్న భయం ఎక్కువ చేసి చెబుతున్నారు. మంచి బ్రేక్ ఏళ్ళ తరబడి ముట్టుకోనక్కర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: షిమనో, టెక్ట్రో బ్రేకుల్లో పోసేది మినరల్ ఆయిల్. బైకుల్లో, కార్లలో పోసే డాట్ బ్రేక్ ఆయిల్ కాదు. పొరపాటున అది పోస్తే లోపల సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి, మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి.

ఇంకోటి, రోటర్ మీద సన్నటి అక్షరాల్లో "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అన్న అర్థంలో చెక్కి ఉంటుంది చాలా సైకిళ్ళకి. అలా ఉంటే మెటల్ ప్యాడ్లు వేయకండి, రోటర్‌ని త్వరగా తినేస్తాయి. మీ బరువుకి తర్వాత ఎప్పుడైనా ముందు రోటర్ 160 మి.మీ. నుంచి 180కి మార్చుకోండి, ఒక అడాప్టర్, ఒక రోటర్, అంతే. తక్కువ డబ్బుతో తేడా తెలిసే మార్పు ఇదొక్కటే అంటాను. మా దగ్గరైతే సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పట్టడమే పెద్ద తలనొప్పి, మీకు ఆ బాధ లేదు.

15 నంబర్ పానా

రిపేర్ చేసేవాణ్ణి, చేతికి ఏమొస్తాయో అది చెప్తా. గేరు అరిగిందని వచ్చేవాళ్ళు తక్కువ, ఫోర్క్ బాగోలేదని వచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. రోజూ వచ్చేది పంక్చర్. హైదరాబాద్ చుట్టూ మట్టి దారి అంటే పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. చలికాలం చివర్నుంచి ఎండాకాలం దాకా ఆ పల్లేరు కాయలు ఎండి దారంతా పడుంటాయి, టైర్ ఒక్క చుట్టు తిరిగిందంటే నాలుగైదు దిగుతాయి. ట్యూబ్ తీసి చూస్తే జల్లెడ. ప్యాచ్ వేయాలంటే నాకే విసుగొస్తది.

దీనికి మందు ట్యూబ్‌లెస్, అంటే లోపల ట్యూబ్ లేకుండా, బొక్కలు మూసే సీలెంట్ ద్రవం పోసిన టైర్. ఫోర్కులు, గేర్ల గురించి ఇంత మాట్లాడారు, ఇది ఎవరూ అనలేదు. రిమ్ మీద ట్యూబ్‌లెస్ రెడీ అని ఉందా లేదా చూడండి, టైర్ మీద కూడా ఉండాలి. రెండూ ఉంటే టేపు, వాల్వులు, సీలెంట్ పోసి అయిపోతుంది. టైర్లు కూడా మార్చాల్సి వస్తే అన్నీ కలిపి 8-10 వేలు. 29 టైర్‌కి 100 మి.లీ. అటూ ఇటూ పోయాలి. మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, అప్పుడు వాల్వు తీసి మళ్ళీ పోసుకోవాలి, జనం ఇది మర్చిపోయి "ట్యూబ్‌లెస్ పనికిరాదు" అంటారు. ముల్లు దిగితే పీకకండి, పీకినా వెంటనే చక్రం తిప్పి ఆ బొక్క కిందికి తీసుకురండి, తెల్లగా బుడగ వచ్చి ఆగిపోతుంది. రిమ్ దానికి చేసింది కాకపోతే మాత్రం టేపులు చుట్టి ప్రయోగాలు వద్దు, మలుపులో టైర్ ఊడొస్తే మూతి పగులుతుంది.

గాలి గురించి. కొత్త సైకిల్ ఇచ్చేటప్పుడు షాపుల్లో 50, 60 పీఎస్ఐ కొట్టి పంపుతారు, రాయిలా ఉంటుంది. దాంతో మొరం మీదికి పోతే ఎంత ఖరీదైన ఫోర్క్ ఉన్నా పళ్ళు కదులుతాయి, కంకర మీద పట్టు ఉండదు. మీ బరువుకి 2.25 టైర్లో ట్యూబ్ ఉంటే ముందు 28-30, వెనక 32-34 దగ్గర మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో మూడు నాలుగు తగ్గించవచ్చు. గేజ్ ఉన్న పంపు కొనండి, బొటనవేలితో నొక్కి చూస్తే తెలవదు.

నెమ్మదిగా అన్న చెప్పిన దాంట్లో ఒకటి ఒప్పుకుంటా, ఎక్స్‌సీటీ ఫోర్క్ ట్రాక్ మీద పర్వాలేదు. కానీ దాని మీద తిప్పే నాబ్ ఉంటుంది కదా, అది స్ప్రింగ్‌ని కొంచెం ముందే నొక్కి పెడుతుందంతే, గట్టిదనం మారదు. 84 కిలోలకి లోపల స్ప్రింగే మార్చాలి, ఆ స్ప్రింగ్ ఇక్కడ దొరకదు. ఎయిర్ ఫోర్క్ అయితే గాలి కొట్టుకుంటే మీ బరువుకి సరిపోతుంది.

కోకాపేట కొత్తోడు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళి ఒక్కొక్కటీ చూశాను, షాపు కుర్రాడు నన్ను ఇన్‌స్పెక్టర్‌ని చూసినట్టు చూశాడు.

ఒకటోది: హెడ్‌ట్యూబ్ పైనా కిందా ఒకే సన్నం. వెనకది ఫ్రీవీలే, కుర్రాడే ఒప్పుకున్నాడు. రిమ్ మీద ట్యూబ్‌లెస్ అన్న మాటే లేదు.

రెండోది: కింద లావు, పైన సన్నం. ముందు 15 మి.మీ. త్రూ యాక్సిల్. రిమ్ మీద స్టిక్కర్ ఉంది, టైర్ మీద కూడా ఉంది. M సైజు ఎక్కి చూశాను, నిలబడితే ఫ్రేమ్ పై గొట్టానికీ నాకూ మధ్య రెండు మూడు అంగుళాలు ఖాళీ ఉంది, చేతులు సాగదీయకుండానే హ్యాండిల్ అందింది. L ఎక్కితే మీద పడుకున్నట్టు ఉంది, మోచేతులు తిన్నగా అయిపోయాయి.

కాబట్టి రెండోదే. నెమ్మదిగా గారూ, మీరు చెప్పింది కూడా ఆలోచించాను, కానీ తక్కువలో కొంటే ఏడాదిలో మళ్ళీ ఇదే చర్చ పెడతానని నా సంగతి నాకు తెలుసు. ఇప్పుడు టెన్షన్ ఒక్కటే, ముందు ఒకటే గేరు కదా, అనంతగిరి ఎక్కుతానా? ఒకటోదానికి 22 ఉంది, చిన్నది. ఇంకా, ఆ ఎయిర్ ఫోర్క్‌లో గాలి ఎవరు కొడతారు?

మొరం రోడ్డు

గేర్లు ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగించి చూడు, అంతే. ఒకటోదాంట్లో అన్నింటికన్నా తేలికైన గేరు 22 బై 34, అంటే 0.65. రెండోదాంట్లో 32 బై 46, అంటే 0.70. కాస్త బరువు, నిజమే. ముందు 32 తీసి 30 వేయించు, 30 బై 46 మళ్ళీ 0.65. సరిగ్గా అదే కొండెక్కే గేరు, ముందు డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపేది) లేదు, చైన్ పడిపోయే గొడవ తక్కువ. మార్చేది చైన్‌రింగ్ (ముందు పళ్ళచక్రం) ఒక్కటే కాబట్టి పెద్ద ఖర్చు కాదు, కొనేటప్పుడే అడిగితే కొందరు మార్చి ఇస్తారు కూడా. నీ క్రాంక్‌కి (పెడల్ బిగించే కాడ) ఆ చైన్‌రింగ్ విడిగా విప్పొస్తుందో లేదో ముందు చూడు, కొన్నింటికి రివెట్లు కొట్టేసి ఉంటాయి.

పోగొట్టుకునేది పై గేరు. 30 బై 11తో నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకి 30 కిలోమీటర్ల దగ్గర వెళ్తావు, అక్కడి నుంచి కాళ్ళు ఊరికే తిరుగుతాయి. సోలార్ ట్రాక్ మీద రోడ్ సైకిళ్ళ వాళ్ళు దాటిపోతుంటారు, దాటిపోనీ. ముందు 32తోనే ఒక నెల తొక్కి, కాలు ఒప్పుకోకపోతే అప్పుడు మార్చు.

ఫోర్క్ గాలికి షాక్ పంప్ అని విడిగా ఉంటుంది, టైర్ పంప్ వాడకు. ఫోర్క్ లోపల గాలి చాలా కొంచెం, పీడనం ఎక్కువ, మామూలు పంపు ఒక్క దెబ్బకి ఎక్కడికో పోతుంది. ఫోర్క్ కాలు వెనక బరువు ప్రకారం ఎంత కొట్టాలో పట్టిక అతికించి ఉంటుంది. ఆ అంకెతో మొదలుపెట్టి, హెల్మెట్, సంచీ అన్నీ వేసుకుని, పెడల్స్ మీద నిలబడు. ఫోర్క్ గొట్టం మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది, దాన్ని కిందికి జరిపి, మెల్లగా ఎక్కి మెల్లగా దిగు. 100 మి.మీ. ఫోర్క్‌లో రింగు 20-25 మి.మీ. జరిగితే సరిపోయింది. ఎక్కువ జరిగితే గాలి కొట్టు, తక్కువైతే తియ్యి. ఇక అదే రింగు అనంతగిరి నుంచి వచ్చాక చూడు, ఎక్కడా చివరికి తాకకపోతే ఇంకో ఐదు పీఎస్ఐ తగ్గించొచ్చు.

వైజాగ్ ఘాట్

డ్రాపర్ పోస్ట్ సంగతి కూడా చెప్పండి, కొండ దిగేటప్పుడు ఆగకుండానే మీట నొక్కితే సీటు కిందికి దిగుతుంది, లోకం మారిపోతుంది.

నెమ్మదిగా తొక్కుతా

మొదలైంది. ఆయన దూకనని మొదటి పేరాలోనే రాశారండీ. అనంతగిరి దిగే ముందు సీటు లివర్ తిప్పి చేత్తో కిందికి దించుకుంటే పైసా ఖర్చు లేదు.

వైజాగ్ ఘాట్

ప్రతిసారీ ఆగి దించి, మళ్ళీ ఆగి ఎత్తుకోవడం మీకు ఓపిక, మాకు లేదు :) సరే ఇప్పుడే వద్దు. కానీ సీటు గొట్టం లోపలి వ్యాసం ఎంతో రాసి పెట్టుకోండి, 30.9 గానీ 31.6 మి.మీ. గానీ అయితే డ్రాపర్లు బోలెడు, 27.2 అయితే దొరకడం కష్టం.

15 నంబర్ పానా

కొత్తోడు సార్, డెలివరీ రోజు తొందరపడకండి. డబ్బాలోంచి తీసి అరగంటలో బిగించి ఇచ్చేస్తారు. ముందు బ్రేక్ పట్టుకుని సైకిల్ ముందుకీ వెనక్కీ ఊపండి, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) దగ్గర టక్ టక్ అంటే వదులుగా ఉన్నట్టు. వెనక చక్రం ఎత్తి తిప్పి, గేర్లు ఒక్కొక్కటీ మార్చండి, పెద్ద పళ్ళచక్రం దాటి చైన్ స్పోకుల్లోకి పోతుందేమో చూడండి. వంద కిలోమీటర్లు తొక్కాక క్రాంక్ బోల్టులు, స్టెమ్, స్పోకులు మళ్ళీ చెక్ చేయించాలి, కొత్త స్పోకులు కాస్త సర్దుకుంటాయి.

బిల్లులో జీఎస్టీ కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళకీ, వాటి విడిభాగాలకీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంకా పాతదే వేస్తుంటే అడగండి.

పెడల్స్ ఇచ్చే ప్లాస్టిక్‌వి తీసేసి పిన్నులున్నవి వేసుకోండి, వానలో షూ జారదు. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది, విప్పేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఇది తెలవక క్రాంక్ మరలు చెడగొట్టుకుని వచ్చేవాళ్ళు నెలకి ఒకరైనా ఉంటారు.

కోకాపేట కొత్తోడు

సరే అన్నా. శనివారం డెలివరీ అన్నారు. చైన్‌రింగ్ విప్పొచ్చేదేనట, ఇప్పటికి 32తోనే తీసుకుంటున్నా. ట్యూబ్‌లెస్ అక్కడే చేసిస్తామన్నారు, సీలెంట్ ఎంత పోస్తారో దగ్గరుండి చూస్తా. సీటు గొట్టం 31.6 అట, వైజాగ్ గారికి సంతోషం.